కుందేలుకు పస్తు పెట్టిన శుక్రవారం

ముందు ఆ ఇడ్లీల సంగతి తేల్చేద్దాం. మొన్న శుక్రవారం చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరుగుతుండగా కృపారాణి మధ్యలో లేచిపోయిందనీ, పశువుల ఆసుపత్రి ఎదుట టిఫిన్ బండి దగ్గర కొంగు చాటున ఇడ్లీలు తిన్నదనీ మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. శనివారం నాటికి రెండు ఇడ్లీలు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఆరు. సోమవారం కుళాయి దగ్గర పూరీ కూడా వచ్చి చేరింది. ఆ రోజంతా కృపారాణి వెంట ఉన్న మనిషిని నేను. నాకు తెలియని ఇడ్లీ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

కృపారాణి మా పక్కింటి మనిషి. మిషన్ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు వార్డు ఆయాగా చేసింది. ఆపరేషనైన ప్రతి మనిషినీ పొద్దున్నే ఆమె అడిగే మొదటి మాట "గాలెల్లినాదా?" అని, పేగులు కదిలాయో లేదో తెలుసుకోడానికి. మంచం మీద తహసీల్దారు ఉన్నా అదే ప్రశ్న, తాపీమేస్త్రి ఉన్నా అదే ప్రశ్న. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. ఒక పెళ్ళిలో పొట్ట పట్టుకుని కూర్చున్న వియ్యంకుణ్ణి కూడా అడిగేసింది. అంతకు మించి మాట్లాడదు. మా వీధిలో అది పెద్ద లోపం. ఒక మనిషి తక్కువ మాట్లాడితే ఆ లోటు మిగతావాళ్ళమే పూడ్చాలి కదా.

ఆమె పెనిమిటి ఆదాము భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల దగ్గర వాచ్‌మన్‌గా ఉండేవాడు. రెండేళ్ళ కిందట శృంగవరపుకోట సంతలో ఒక తెల్ల కుందేలును కొనుక్కొచ్చాడు. క్రిస్మస్ కూరకి. పండగ దాకా మేపి కాస్త ఒళ్ళు చేయనిద్దామన్నాడు. పండగ ఇంకా నెల ఉందనగా ఒక మధ్యాహ్నం గుండెల్లో మంటన్నాడు. వీధి వీధంతా గ్యాసని తేల్చింది. గణపతిరావు బావ సోడా తెప్పించాడు. ఎవరో వాము నీళ్ళు కాచి పట్టారు. ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఆసుపత్రికి తీసుకెళ్దామని కృపారాణి అంటే, వార్డులో పనిచేసిన దానివి గనక నీకు అన్నిటికీ ఆసుపత్రే గుర్తొస్తుందన్నాం. సాయంత్రానికి ఆదాము లేడు.

ఆ ఏడు ఆమె కూర వండలేదు. కుందేలుకు దూది అని పేరు పెట్టింది.

అప్పటి నుంచి పొద్దున లేవగానే ఆమె మొదటి పని, దూది బోను కింద రేకు లాగి పెంటికలు చూడటం. ఎన్ని ఉన్నాయో చూస్తుంది. ఎంత లావున్నాయో చూస్తుంది. వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. నేను గోడ మీంచి ఊరుకోలేక అడిగాను.

"ఏటే కృపా, మినుముల్లో రాళ్ళేరతన్నావా?"

"దాని వొంట్లో సంగతి నోటితోటి సెప్పనేదు గదా అసిరమ్మత్తా. ఇక్కడే సెప్తాది."

సరే, శుక్రవారం. ఆరు గంటలకు రేకు తుడిచినట్టు ఉంది. ఒక్క పెంటిక లేదు. రాత్రి వేసిన గడ్డి వేసినట్టే ఉంది. దూది బోను మూలకు ముడుచుకుపోయి, వీపు గూనిలా ఎత్తి, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. కొత్తిమీరంటే ప్రాణం పెట్టే జీవి, కట్ట మూతి దగ్గర పెడితే తల తిప్పేసుకుంది. పళ్ళు కటకట నూరుతోంది. కృపారాణి చెవులు పట్టుకుని చూసి, "సల్లగున్నాయి" అంది.

మా వీధిలో వైద్యానికి ఆలస్యం ఉండదు. అయిదు నిమిషాల్లో ముగ్గురం చేరాం. నలభై ఏళ్ళుగా వరి పండిస్తూ ఎడ్లను మేపిన గణపతిరావు బావ, చర్చి స్త్రీల సమాజానికి పెద్ద అయిన ఎలీసమ్మ, నేను.

"కడుపుబ్బరం," అన్నాడు బావ. "నా ఎర్రెద్దుకి ఇలగే అయితే మూడ్రోజులు లంఖణం కట్టించినాను. నాలుగో రోజు దుక్కికెల్లినాది."

"నాలుగో రోజే సచ్చిపోనాది గదా మావా," అంది కృపారాణి.

"దుక్కికెల్లొచ్చినాక గదే!"

లంఖణం పరమౌషధమని నేనూ అన్నాను. మా ఇంట్లో తాతల నాటి నుంచి వస్తున్న మాట. ఆ మాట మీద పోయిన వాళ్ళెవరూ వచ్చి కాదని చెప్పలేదు. ఇక ఎలీసమ్మ చెయ్యెత్తి, "ఇవాళ ఉపవాస శుక్రవారం. బైబిల్లో నీనెవె పట్నంలో పశువులు సైతం ఉపవాసం ఉన్నాయి. ఈ మూగజీవికి దేవుడే బుద్ధి పుట్టించాడు. నువ్వు గడ్డి ఆశ చూపించి చెడగొట్టకు కృపా," అంది.

మా వీధి కోవెల మైకుకీ చర్చి మైకుకీ ఇంతవరకూ ఒక్క పండగ నాడు కూడా పొత్తు కుదరలేదు. కుందేలును పస్తు పెట్టే విషయంలో మాత్రం రెండు వైపులా ఒకే మాట మీద నిలబడ్డాం. అంత ఐకమత్యం ముందు ఒక్క ఆడది ఏం నిలుస్తుంది? గడ్డి తీసేసింది. దూదిని నాకు అప్పజెప్పి పది గంటలకు ప్రార్థనకు వెళ్ళింది. గురువారం రాత్రి నుంచి తనకూ పస్తే.

పదకొండుంపావుకి పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకి చెప్పులు లేవు, చర్చి మెట్ల దగ్గరే వదిలేసింది.

"ఏటే, మీటింగైపోనాదా?"

"గాలెల్లినాదా?"

"ఎవులికే?"

"దూదికత్తా!"

వెళ్ళలేదన్నాను. ఆమె బోనులో చెయ్యి పెట్టి చూసింది. దూది కదల్లేదు.

"కడుపాగిపోనాది. కళ్ళు మూసుకుంటే ప్రార్థన రానేదు, వార్డే కనిపించినాది. ఆదామునీ ఇలగే సూస్తా కూకున్నాం. లెగు."

ఆమె నన్ను "లెగు" అనడం అదే మొదటిసారి. లేచాను.

పళ్ళ బుట్టలో పాత చీర పరిచి, వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి దూది పక్కన పెట్టింది. ధనరాజ్ ఆటో పిలిచాం. వాడు బుట్టలోకి తొంగి చూసి, "కూరకా అత్తా?" అన్నాడు.

"ఒరే, నోరు మూసుకుని బండి తియ్యరా," అన్నాను. ఆ మాట దూది తరఫున నేను చేసిన మొదటి సాయం.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు రిజిస్టరు తెరిచాడు. అందులో గేదె, ఆవు, మేక, గొర్రె, కోడి అని గడులున్నాయి. కుందేలుకు గడి లేదు. గడి లేని జంతువుకు జబ్బు ఎలా రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చున్నాడు.

"మేకని రాసీ బాబూ," అంది కృపారాణి. "సెవులు పెద్దవైన మేక."

డాక్టరమ్మ యమున చిన్న వయసు మనిషి. గొడవ విని బయటికొచ్చి బుట్ట లోపలికి తీసుకుపోయింది. చివరిసారి ఎప్పుడు తిన్నదని అడిగితే కృపారాణి వార్డులో డ్యూటీ డాక్టరుకు ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"రేతిరి ఎనిమిదింటికి తిన్నాదమ్మా. అప్పట్నుంచి పెంటిక నేదు. నీళ్ళు ముట్టనేదు. పళ్ళు నూరతన్నాది. సెవులు సల్లగున్నాయి."

"ఇంత బాగా చూసుకున్నారు, మరి పొద్దున్నే ఎందుకు తేలేదమ్మా?"

"లంఖణం పెట్టినాం."

"ఎవరు పెట్టమన్నారు?"

ఆ గోడకి గాలికుంటు టీకా పోస్టరు ఒకటి ఉంది. నేను దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను.

"కుందేలు పేగు ఎప్పుడూ నడుస్తూ ఉండాలమ్మా," అంది డాక్టరమ్మ. "ఒక పూట తినడం మానేసి పెంటికలు వేయలేదంటే అది రేపు చూద్దాంలే అనే జబ్బు కాదు. ఆ పూటే తేవాలి. దానికి పస్తు మందు కాదు, విషం. నిన్న గడ్డి కాక ఇంకేమైనా పెట్టారా?"

నేను పెట్టలేదని కృపారాణి అంది. గుమ్మంలోంచి ధనరాజ్ అందుకున్నాడు. "ఎలీసమ్మ గారు బిస్కట్లెట్టినారు. గణపతిరావు మావ వరన్నవెట్టినాడు. అసిరమ్మత్త కజ్జికాయెట్టినాది. నేను సూసినాను."

"ముక్కే," అన్నాను.

కృపారాణి నావైపు ఒకసారి చూసి, దూది పక్కన సీసా సర్దింది. నాలుగు మాటలన్నా బాగుండేది.

డాక్టరమ్మ పొట్ట తడిమి, అడ్డమేమీ పడలేదు, మీ అదృష్టం అంది. నొప్పికి ఒక సూది, చర్మం కింద సెలైను ఇచ్చింది. చీటీ రాసి, "ఉపవాసం మానిపించండి. ఈ పొడిని నీళ్ళలో జారుగా కలిపి, సూది లేని సిరంజితో చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాలి. చెయ్యి వణికి ఒక్కసారి పోసేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జాగ్రత్త," అంది.

కృపారాణి చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళింది. ఇరవై నిమిషాలు పట్టింది. షాపులో జనం ఉండి ఉంటారు. తిరిగొచ్చేసరికి కొంగు చివర ఎర్రటి మరక ఉంది. ఆసుపత్రన్నాక టించరు అంటుకోకుండా ఉంటుందా?

ఇక వరండాలో కూర్చుంది. మొదటి సిరంజి మందు సగం దూది గడ్డం మీంచి కారిపోయింది. రెండోదానికి గొంతు కదిలింది. నేను టీ కొట్టు నుంచి రెండుసార్లు వేడినీళ్ళు తెచ్చి సీసా నింపాను. ఆమె చెయ్యి మాత్రం రాతి చెయ్యిలా నిలబడింది. నాలుగున్నరకి దూది వీపు చాచింది. నాలుగూ నలభైకి చీర మీద ఒక్క పెంటిక పడింది, మిరియపు గింజంత.

కృపారాణి దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆ మరక ఉన్న కొంగుతోనే ముఖం తుడుచుకుంది.

ఇల్లు చేరేసరికి వీధంతా గుమిగూడింది. మాకు కొత్త కుళాయి వేసిన రోజు కూడా అంతమంది రాలేదు. గణపతిరావు బావ పెంటికను పరీక్షగా చూసి, "సూసినారా, లంఖణం పనిసేసినాది," అన్నాడు. కాదు ప్రార్థన అంది ఎలీసమ్మ. ఇద్దరూ గడప దగ్గర తేల్చుకుంటుండగా కృపారాణి బోనుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఆ తాళం నా కోసమేనని ఎవరూ నాకు చెప్పలేదు. నాకే అర్థమైంది.

ఇదీ జరిగింది. ఇందులో ఇడ్లీ ఎక్కడుందో మీరే చెప్పండి. అయినా సాక్ష్యం గట్టిగా ఉండాలని నిన్న పొద్దున గోడ మీంచి సూటిగా అడిగేశాను.

"ఒసే కృపా, నువ్వారోజు తిన్నావని ఎలీసమ్మ ఊరంతా సెప్పతన్నాది. తిననేదని నేను దెబ్బలాడతన్నాను. నిజవేటో నీ నోటితోటి సెప్పు."

ఆమె రేకులో పెంటికలు చూసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"తిన్నానత్తా. నాలుగిడ్లీ, ఎర్ర సట్నీతోటి. సేతులొణికిపోతంటే సిరంజీ ఎలగ పడతాను? ఉపోసం మానిపించమని డాక్టరమ్మ సెప్పినాది. దానికొక్కదానికే అని సెప్పనేదు."