మేడమ్ గారు నా ప్రశ్నకే వస్తున్నారు

మా అక్కను ఇంట్లో అందరం ఎందుకమ్మ అనేవాళ్లం. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నోరు తెరిస్తే "ఎందుకు?" అనేది. ఆ జబ్బు ముదిరి తత్వశాస్త్రం చదివింది, అదే పాఠం చెప్పింది, పెళ్లి ఊసెత్తితే దానికీ "ఎందుకు?" అంది. చివరికి రెండు గదుల వాటాలో ఒంటరిగా మిగిలింది.

ఈమధ్య కొన్నేళ్లు ఒక సంస్థ తరఫున ఆన్‌లైన్‌లో చెప్పేది. పిల్లలందరూ కెమెరాలు ఆపేసుకుంటారు. తను మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, గోడ ముందు కూర్చుని ఆ నల్లటి గళ్లకు పాఠం చెప్పేది. మధ్యమధ్యలో "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగి, గ్లాసెడు నీళ్లు మెల్లగా తాగుతూ ఎదురుచూసేది. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు! "ఒక్క ప్రశ్న వస్తే చాలే, నేను చెప్పింది ఎవరికో తగిలిందని తెలుస్తుంది" అనేది నాతో.

ఆ ముచ్చట తీరకుండానే సంస్థ మేనేజరు ఫోన్ చేశాడు. "పాఠాలన్నీ రికార్డయ్యాయి కదండీ, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. విశ్రాంతట! కొత్త పిల్లలకు ఆ వీడియోలే వేస్తున్నారు, పైగా మేడమ్ అప్పటికప్పుడు చెబుతున్నట్టు నమ్మిస్తూ. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం నా పేరుతో విద్యార్థిగా చేరింది. ఎందుకే అక్కా అంటే, "ఎవరైనా ఏమైనా అడుగుతారేమో వినాలని" అంది.

మొన్న మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పాఠం నడుస్తోంది. అవతలివాళ్ల బాధ మనకు నిజంగా తెలుస్తుందా అన్నది విషయం. అక్క జలుబుతో గొంతు గుర్తుపట్టలేనంతగా బొంగురుపోయి, దుప్పటి కప్పుకుని వింటోంది. తెరమీది అక్క సందేహాలడిగి గ్లాసెత్తింది. అప్పుడు ఒకమ్మాయి గొంతు వినిపించింది.

"మేడమ్, మా అమ్మ పోయినప్పుడు పక్కింటావిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆవిడకి నా బాధ తెలియనట్టేనా? మరెందుకు ఏడ్చినట్టు?"

అక్క దుప్పటి తోసేసి నిటారుగా కూర్చుంది. తెరమీది అక్క గ్లాసు దించి, "మంచిది, ముందుకెళ్దాం" అంది.

అక్క గబుక్కున మైకు నొక్కింది. "అమ్మా, పూర్తిగా తెలియకపోయినా ఏడ్చింది చూడూ, అదే..."

"ఎవరండీ మీరు?" అంది ఆ పిల్ల విసుగ్గా. "కాస్త మైకు ఆపండి. మేడమ్ గారు నా ప్రశ్నకే వస్తున్నట్టున్నారు."

"సారీ అమ్మా" అని అక్క ఆపేసింది.

"ఆ మేడమ్‌ని నేనేనని చెప్పవే!" అని అరిచాను.

"చెబితే, అంత బాధా వీడియోకి చెప్పుకున్నానని తెలుస్తుంది దానికి. వద్దులే."

ఆ పిల్ల వెళ్లిపోలేదు. జవాబు కోసం చివరిదాకా ఓపిగ్గా కూర్చుంది. తెరమీది అక్క నమస్కారం పెట్టాక, "మేడమ్, నా ప్రశ్న..." అంది.

అప్పటికే వీడియో అయిపోయింది.