చాటు నుంచి చాటుకు

అంజూర్ ఫాటా కూడలి దగ్గర దూసుకొస్తున్న ఇరవై ట్రక్కుల నడుమ నుంచి, ఈ వయసులో, చేతులూపుకుంటూ రోడ్డు దాటినవాణ్ణి నేను.

ఆ విద్య నేర్పింది బస్సులో పక్క సీటు అమ్మాయి. టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతోంది. ఆటలో ఆమె మనిషి ఓ ఇంట్లో నక్కితే, శత్రువులు మీదమీదికి వస్తున్నారు.

"సీదా ఉరుకు బిడ్డా, నడుమ ఆగకు," అన్నాను. బట్ట నేసే సాంచాల సందులో అట్లా నడిచే బతికినవాణ్ణి మరి.

"గట్ల ఉరికితె సచ్చుడే తాతా," తలెత్తకుండానే అంది. "చెట్టు చాటున ఆగాలె. వాళ్లు ఇంకోడి మీద కాల్చేటప్పుడు ఇంకో చాటుకు జరగాలె."

"ఇంట్లనే కూసుంటె?"

"సుట్టూ మంటల జోన్ దగ్గరికొస్తనే ఉంటది. కూసున్నోడు అండ్లనే మాడిపోతడు."

ఓసారి రోడ్డు దాటుతూ కిందపడ్డప్పటి నుంచి నేను మా ఆవిడ చెయ్యి పట్టుకోకుండా గల్లీ కూడా దాటలేదు. ఆ రోజు బస్సు దిగగానే, ముందు సీట్లోంచి దిగిన ఆమె చెయ్యి చాపింది. నేను పట్టుకోలేదు. ఆమె ముందు దాటింది. నేను ఆగివున్న టెంపో చాటుకు, అక్కణ్ణుంచి డివైడర్‌కు, ఆపైన రోడ్డు దాటుతున్న ఓ ఆటో పక్కన నడిచి అవతలికి చేరాను.

ట్రక్కులు ఇరవై కావులెండి. రెండు.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ అంది: "ఆ రెండు గూడ ఆగే ఉండె. నా చెయ్యి పట్టకుంట వచ్చినవ్. గది రాయి."