చాయ్ చల్లారింది

మొన్న పొద్దున పెద్దపల్లి నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "మన తెలుగు సార్ పోయిండ్రే" అంది. గోదావరిఖనిలో మాకు పీజీ పాఠాలు చెప్పిన సార్. ఏడుపొచ్చింది. ఆ వెనకే ఆయన మాటలు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఆయన్ని ఎరిగిన వాళ్లెవరికైనా అంతే.

అసైన్‌మెంట్ ఇరవై పేజీలకు తగ్గకూడదని యూనివర్సిటీ నియమం. దిద్దేవాళ్లు చదవరు, జానతో కొలుస్తారు అని మాకు గట్టి నమ్మకం. అందుకే క్లాసులో సగం మంది గీత విడిచి గీత రాసేవారు. సార్ మాత్రం ప్రతి ముక్కా చదివేవారు. "నీ గీతకూ గీతకూ నడుమ బస్సు పోతదిరా" అని ఒకడిని, "అక్షరాలు లావైనయి గని విషయం బక్కగనే ఉన్నది" అని ఇంకొకడిని ఆటపట్టించేవారు. విసుగు పుట్టిన చోట పేజీ అంచున ఎర్రసిరాతో "ఇక్కడ లేచి నీళ్లు తాగిన" అని రాసేవారు. ఒకడికైతే "బిందె ఖాళీ అయింది" అని రాశారు.

నేను తీసుకున్న అంశం బొగ్గుగని కుటుంబాల జీవితం. మా నాన్న గనిలో పనిచేసి రిటైరైన మనిషి, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆయన్ని అడిగితే, "దిగుడు, పని చేసుడు, ఎక్కుడు. ఇంకేముంటది?" అన్నాడు. మూడు పేజీలకే సరుకు అయిపోయింది. గడువు దగ్గర పడింది. ఫెయిలైతే ఇంకో ఏడాది చదివించే ఓపిక మా ఇంట్లో లేదు.

ఆ మూడు పేజీలూ సార్ చేతిలో పెట్టి, "ఉన్నదే ఇంత సార్. నీళ్లు కలపమంటే కలుపుత" అన్నాను.

"పాలు తక్కువైతే నీళ్లు పోస్తరా బిడ్డా, ఇంకో బర్రెను పిండుతరా? మీ నాయినను అడిగినవ్, మంచిదే. అమ్మను అడిగినవా?"

అడగలేదు. అడగాలని తోచనే లేదు.

అమ్మ బియ్యం ఏరుతూ మొదలుపెట్టింది. నైట్ షిఫ్టు వారంలో నాన్న పగలు పడుకునేవాడు కాబట్టి కుక్కర్ కూత వినబడకూడదని గిన్నెలోనే అన్నం వండేదట. మేం గచ్చకాయలు ఆడితే చప్పుడు రాకుండా కింద బొంత పరిచేదట. కూరగాయల బండివాడు మా క్వార్టర్ల వరుస రాగానే కేక ఆపి, ఊరికే బండి తోసుకుంటూ పోయేవాడట. "ఇవన్ని గూడ రాస్తరానే?" అని మధ్యమధ్య నవ్వింది. నా చెయ్యి ఆగలేదు. ఇరవయ్యో పేజీ ఎప్పుడు దాటిందో చూసుకోనే లేదు.

దిద్ది ఇచ్చాక పేజీలన్నీ తిరగేశాను. నీళ్ల మాట ఎక్కడా లేదు. చివర మాత్రం "చాయ్ చల్లారింది" అని ఉంది. పేజీలు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను.

"బాగలేదా సార్?"

"పిచ్చి బిడ్డా, చదువుకుంట తాగుడే మరిచిన."

పాసయ్యాను. ఇప్పుడు రామగిరిలో నేనూ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వాళ్లు పేజీలు నింపలేక తల గోక్కుంటుంటే ముందు అమ్మను అడిగి రమ్మంటాను. ఆ మాట నాది కాదు, సార్‌ది. ఆయన రుణం అలా తీరుతుందని కాదు, చెప్పినప్పుడల్లా ఆయన పక్కనున్నట్టుంటుంది.

నిన్న మంథనిలో సార్ ఇంటికి పాత విద్యార్థులం వెళ్లాం. మేడం అందరికీ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లారు. ఒకడు బస్సు మాట ఎత్తాడు, ఇంకొకడు బిందె మాట. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాం. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. చాలాసేపటికి మేడం కప్పులు తీసుకుపోవడానికి వచ్చి, మా ముందు ఆగిపోయారు.

"అయ్యో, ఒక్కరన్న ముట్టలేదేంది? అందరి చాయ్ చల్లారింది."