గీతలు లేని వేలిముద్ర

ఒమన్‌లో నిజ్వా నుంచి మస్కట్ వెళ్లే బస్సులో, మర్నాడు పిల్లలకు చెప్పాల్సిన పాఠం చూసుకుంటున్నాను. అమెరికా ప్రజాస్వామ్యం ఎలా పుట్టిందన్న పాఠం అది. పక్క సీటాయన చొక్కా నిండా సిమెంటు మరకలు. కరీంనగర్ వైపు మనిషని నోరు విప్పగానే తెలిసింది.

"అండ్ల ఏం రాసిన్రు సార్?"

ఎర్ర పెన్నుతో గీత గీసుకున్న వాక్యాన్ని తెలుగులో చెప్పాను. ప్రజలు ఒప్పుకుంటేనే ఏలేవాళ్లకు అధికారం వస్తుందని, రాజును కాదన్నప్పుడు అక్కడివాళ్లు రాసుకున్నారని.

"ఆల్లకాడ కూలోల్లు లేకుండెనా?"

"బానిసలుండేవాళ్లు. అది రాసినవాళ్ల ఇళ్లలో కూడా."

"ఆల్లను అడిగిన్రా?"

"లేదు."

ఆయన తన బొటనవేలు వైపు చూసుకున్నాడు.

"నన్ను గూడ అడగలే సార్. కంపెనీ కాయితం అరబ్బీల ఉండె. ఈడ వేలు వెట్టుమన్నరు, వెట్టిన. ఇగ ఒప్పుకున్నట్టే అన్నరు."

నా పెన్ను అందుకుని ఎర్ర సిరాను బొటనవేలంతా రుద్దుకున్నాడు. ఆ వాక్యం పక్కనే గట్టిగా అద్దాడు. ఒక్క గీత పడలేదు, ఎర్రటి మరక తప్ప.

"అప్పుడు గీతలుండె. సిమెంటు తిన్నది" అన్నాడు.

తర్వాతి స్టాపులో దిగిపోయాడు. ఆయన పేరు నేనూ అడగలేదు.

ఆ పుస్తకంతోనే ఆరేళ్లు పాఠం చెప్పాను. ఆ వాక్యం దగ్గర గొంతు ఎప్పుడూ తడబడలేదు. నా బొటనవేలు మాత్రం, దానంతటదే వెళ్లి ఆ మరకను కప్పేసేది.