రాతి మందం

పగలు హైటెక్ సిటీలో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం, శని ఆదివారాల్లో భౌతికశాస్త్రంలో పూర్తికాని పీహెచ్‌డీ. రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఏళ్లు గడిచాయి. అలిసిపోయాను.

మా పరిశోధక బృందం పరికరం ఓ గని అడుగున, రాతిలో తొలిచిన గుహలో ఉంది. ఇంతవరకూ ఎవరికీ చిక్కని చీకటి పదార్థపు (డార్క్ మ్యాటర్) కణం తగిలితే అందులో చిన్న మెరుపు వస్తుంది. చిక్కేమిటంటే, న్యూట్రాన్ తగిలినా అచ్చం అలాంటి మెరుపే వస్తుంది. ఆకాశం నుంచి దిగే మ్యూయాన్లనే కణాలు కొండలోకి చొచ్చుకొచ్చి రాతిలోంచి న్యూట్రాన్లను వెళ్లగొడతాయి. అలాంటి దొంగ మెరుపులు ఎన్ని రావచ్చో కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. ఆ లెక్కను ఇక మార్చకుండా తాళం వేశాకే అసలు డేటా తెరవాలని మాలో కట్టుబాటు.

తెరిచాం. నా లెక్క ప్రకారం దొంగ మెరుపులేమీ ఉండకూడదు. ఒక మెరుపు ఉంది. ముప్పై ఏళ్లుగా దానికోసమే వెతికిన మా గైడు ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

వారం తర్వాత చందానగర్ నుంచి ఆఫీసుకు వెళ్తుంటే కొండాపూర్ దగ్గర క్యాబ్ ఆగిపోయింది. ఊరికే ఉండలేక ల్యాప్‌టాప్‌లో ఆ లెక్క పాత ఫైలు తెరిచాను. అందులో గుహ చుట్టూ రాతి మందం ఒక్క మీటరే ఉంది; రాయి పలచనైతే అందులోంచి వచ్చే న్యూట్రాన్లూ తక్కువే లెక్కకొస్తాయి. లెక్క త్వరగా తేలాలని పరీక్ష కోసం పలచగా పెట్టి, తర్వాత మార్చడం మరిచాను. పరీక్షించడమే వృత్తిగా ఉన్నదాన్ని.

"ఏమైంది మేడం, పరేషాన్‌గ ఉన్నరు?" అన్నాడు డ్రైవర్.

"ఏం లేదన్నా, ఆఫీసు పని."

"ఇగ ఇప్పట్ల కదలదు. జర పండుకోండ్రి."

పూర్తి మందం పెట్టి మళ్లీ లెక్క నడిపాను. ఆదివారానికి తేలింది. అలాంటి దొంగ మెరుపు ఒకటి రావడం మామూలేనట.

తాళం వేసిన లెక్కను ఎవరూ తవ్వరు. నోరు మూసుకుంటే నా థీసిస్ గట్టెక్కుతుంది, ఆయన తృప్తిగా వెళ్లిపోతారు. ఆ సాయంత్రమంతా నోరు మూసుకునే ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. పొద్దున్నే ఫోన్ చేశాను.

"సార్, ఆ మెరుపు మనం వెతికేది కాదండి. రాతి మందం నేనే తప్పు పెట్టాను."

ఆయన తిట్టలేదు. ఎన్ని మీటర్లు పెట్టావని అడిగారు, చెప్పాను. సరైన లెక్క అందరికీ పంపమన్నారు. ఫోన్ పెట్టేస్తారనుకున్నాను.

"మా ఆవిడకు చెప్పేశానమ్మా," అన్నారు. "దొరికిందని."