అక్క పేరున వచ్చే ఉత్తరాలు

మగవాళ్లు ఆడపేరుతో కథలు రాయడం మనకు కొత్త కాదు. నాదీ ఆ సరదాయే అనుకుని మిర్యాలగూడ మిత్రులు ఆటపట్టించేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నా కలంపేరు చనిపోయిన మా అక్క పేరు, ఇంటిపేరుతో సహా. అక్క సూర్యాపేట దవాఖానలో కన్నుమూసిన ఏడాదికి మొదటి కథ రాసి కింద ఆ పేరు పెట్టాను. ఎందుకంటే చెప్పలేను. ఏడుపు రాని మనిషికి ఏదో ఒక పని కావాలి కదా.

పాఠకుల కార్డులు పత్రిక ద్వారా అక్క పేరున ఇంటికి రాసాగాయి. ఒకప్పుడు అక్క హాల్ టికెట్లు తెచ్చిన పోస్ట్‌మ్యానే వీటినీ తెచ్చి, మారుమాట లేకుండా అమ్మ చేతిలో పెట్టేవాడు. అక్క లేదని అమ్మకు తెలియక కాదు. అయినా కోదాడలో పంతులుగా ఉన్న నేను శనివారం బడి అయిపోయాక ఇంటికి రాగానే, "అక్కకు ఉత్తరమొచ్చింది, సదువు" అనేది. విన్నాక దాన్ని అక్క పెట్టెలో దాచేది. ఆ ఒక్క మాట కోసమే కథలు రాశానంటే అబద్ధం కాదు.

ఒకసారి పత్రిక నుంచి అక్క పేరున రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది.

"గిది మీకియ్యరాదు సారూ. ఎవరి పేరున వస్తే వాళ్లే సంతకం పెట్టాలె," అన్నాడు పోస్ట్‌మ్యాన్. "ఏడు రోజులు ఆపుత. ఆ తర్వాత చనిపోయిన్రని రాసి వాపస్ పంపాలె. జర మా పోస్ట్‌మాస్టర్‌ను కలువుండ్రి."

లోపల ఏముందో నాకు పట్టలేదు. ఆ మాట రాసి పంపితే పత్రికవాళ్లు ఇక ఆ పేరున ఏమీ పంపరు. అమ్మకు శనివారాలు ఉండవు.

ఆ పేరు నాదేనని అర్జీ రాసివ్వాలనీ, నన్ను ఎరిగిన సాక్షి కావాలనీ పోస్ట్‌మాస్టర్ చెప్పాడు. నాకు తోచింది అమ్మే. వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన అర్జీ పైకి చదివాడు. అమ్మ నా వైపు చూడకుండా అడిగింది:

"గిండ్ల ఏలు పెడితే ఆ పేరు వీనిదైతదా సారూ?"

"పోస్టాఫీసు వరకు అంతేనమ్మా."

అమ్మ వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుంది. ఉత్తరం నా చేతికిచ్చారు. అందులో పత్రికవాళ్లు నా కథను సంకలనంలో వేసుకుంటామని అనుమతి అడిగారు. సంతోషించాలని తెలుసు, ఏమీ అనిపించలేదు.

తరువాతి శనివారం ఇంటికి వచ్చాను. అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీకు రెండు ఉత్తరాలొచ్చినయ్, టీవీ మీద పెట్టిన. సూసుకో," అంది.

రెండింటి మీదా అక్క పేరే ఉంది.

చదవమని అడగలేదు.