చంద్రిక కత్తి, కౌసల్య గారి మామిడికాయలు

మా ఆవిడ చంద్రిక జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తుంది. శనివారం వస్తే మాత్రం, నిప్పురవ్వలు పడి చిల్లులు పడ్డ జీన్స్ వేసుకుని ఎస్-బాన్ లోకల్ రైలెక్కి, పక్క ఊళ్లో వ్యోర్లె అనే ముసలాయన కొలిమికి వెళ్లి కత్తులు చేస్తుంది. పెళ్లిచూపుల్లో ఈ సంగతి చెప్పలేదేమని అడిగితే, "అప్పటికి నాకూ తెలీదుగా హర్షా" అంటుంది.

మే నెల వస్తే మేం అయిదారు తెలుగు కుటుంబాల వాళ్లం కలిసి ఆవకాయ పెడతాం. ఇండియన్ షాపులో కాయలు దొరుకుతాయి గానీ కొట్టిచ్చేవాళ్లు దొరకరు. వంటింటి కత్తికి టెంక తెగదు. అందుకని ఏళ్ల తరబడి టెంక లేని ముక్కలే వేసుకున్నాం. అవి నెల తిరక్కుండానే మెత్తబడిపోయేవి. దాన్ని ఆవకాయ అనడానికి నాకు నోరొచ్చేది కాదు.

కిందటేడు చంద్రిక తాను చేసిన పొరల కత్తి తెచ్చింది. రెండు రకాల ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కాల్చి, కొట్టి ఒకటిగా చేస్తే కత్తి మీద అలలు అలలుగా గీతలు తేలతాయి. టెంక బ్రహ్మాండంగా తెగింది. కానీ అది తుప్పు పట్టే ఉక్కు. పులుపు తగిలేసరికి కత్తీ నల్లబడింది, ముక్కలూ నల్లబడ్డాయి. మాలో పెద్దావిడ కౌసల్య గారు. ఆవకాయ విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు. ఒక ముక్క కొరికి, "ఇనుము వాసనమ్మా" అని, ఎనిమిది కిలోల ముక్కలూ చెత్తడబ్బాలో పోయించారు. "కత్తి చూడ్డానికి బానే ఉంది. గోడకి తగిలించుకో" అని కూడా అన్నారు. ఆ పూట చంద్రిక అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, ముక్క నేనూ కొరికాను. ఆవిడ అన్నది నిజమే.

"ఈసారి స్టెయిన్‌లెస్‌తో చేస్తా. ఆవిడ చేతే బాగుందనిపిస్తా" అంది చంద్రిక.

వ్యోర్లె తల అడ్డంగా ఊపాడు. స్టెయిన్‌లెస్ వేడెక్కగానే గాలి తగిలి పైన కంటికి కనపడని పొర కడుతుంది. తుప్పు పట్టకుండా కాపాడేదీ అదే, పట్టీలు ఒకదానికొకటి అతక్కుండా అడ్డుపడేదీ అదే. "నేనెప్పుడూ చెయ్యలేదు. శనివారాలు నీవి, నీ ఇష్టం" అన్నాడాయన.

మొదటిసారి మామూలుగానే, అతుకు పడేందుకు వెలిగారం పొడి చల్లి కొట్టింది. పూతరేకు విప్పినట్టు పొరలన్నీ విడిపోయాయి. రెండోసారి, గాలి చొరబడకుండా దొంతర అంచులన్నీ వెల్డింగ్ చేసింది గానీ, ఒక మూల సన్నటి రంధ్రం వదిలింది. వేడికి లోపలి గాలి బయటికి పోవద్దా అని! చిన్నప్పట్నుంచీ కుక్కర్ విజిల్‌కి అలవాటు పడ్డ బుర్ర మరి. ఆ రంధ్రంలోంచే గాలి దూరి మూడు నెలల పని పాడుచేసింది. ఇంటికొచ్చి నా మీద అరిచింది. ఎవరో ఒకరి మీద అరవాలి కదా, పడ్డాను.

మూడోసారి పూర్తిగా మూసేసింది. గంటలకొద్దీ కాల్చి, ప్రెస్సు కింద నొక్కి, సాగగొట్టి, సానపట్టి, యాసిడ్‌లో ముంచితే లేత బూడిదరంగు గీతలు తేలాయి. వ్యోర్లె కత్తి అంచుని దాగలి దిమ్మకేసి గట్టిగా కొట్టి, కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఒక్క పొర కూడా విడలేదు. ఆమెకి రెండో కప్పు కాఫీ పోశాడు. ఆ ఊళ్లో మెచ్చుకోలు అంతకు మించి ఉండదు.

ఈ మేలో అందరూ మా ఇంటికే వచ్చారు. కౌసల్య గారు తన కాయల పెట్టె తన కుర్చీ పక్కనే పెట్టుకున్నారు, తన కత్తితో సహా. "ముందు మీవి కొట్టుకోండమ్మా. నావి నేను టెంక తీసేసి కోసుకుంటాలే" అన్నారు. చంద్రిక మొహం కందిపోయింది.

కాయ మీద కత్తి ఆనించి కర్రసుత్తితో ఒక్కటేసింది. టెంకతో సహా రెండు చెక్కలయ్యాయి. పది కాయలు, ఇరవై కాయలు. అంచు చెక్కుచెదరలేదు. గీతల వంక మాత్రం ఎవరూ కన్నెత్తి చూడలేదు. అందరి చూపూ ముక్కల మీదే. కౌసల్య గారు ఒక ముక్కని తెల్ల పళ్లెంలో పెట్టుకుని, "రంగు మారడానికి టైం పడుతుంది" అన్నారు. అరగంట గడిచింది. చంద్రిక కారం కొలుస్తున్నట్టు నటించింది. నేను ఆ నటన కూడా చెయ్యలేకపోయాను.

ఆవిడ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. వాసన చూశారు, కొరికారు, తీరిగ్గా నమిలారు. వంగి తన పెట్టెని చంద్రిక ముందుకు జరిపారు.

"ఇవీ కొట్టిపెట్టు అమ్మాయ్. ప్రతి ముక్కకీ టెంక రావాలి సుమా!"

నా కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు. అప్పటికే చంద్రిక అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. పోనీ ఈ పెట్టె నేను కొడతానని కత్తి కోసం చెయ్యి చాపాను. నా చేతి మీద ఛట్‌మని ఒక్కటేసింది.

"ఆవిడ ఇచ్చింది నాకు" అని మొదటి కాయ తీసుకుంది.